దొరల పొయ్యికి రాగి బాయిలరు

జూన్ నెల ముసురులో ఒక సాయంత్రం లింగరాజు ఇనుప పొయ్యి ముందు గొంతుకూర్చుని, ఉలీ సుత్తీ పెట్టి ఎడమ పక్క ఇటుకలు ఊడదీయడం మొదలుపెట్టాడు. వాడి వదిన అచ్చమ్మ ఒళ్ళో బియ్యం చేట పెట్టుకుని గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఒక్కో ఇటుకా ఊడి నేలమీద పడుతుంటే ఆమెకు తన పన్ను ఊడినట్టే ఉంది. ఆమెను అడక్కుండా ఆ పొయ్యి జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు. వాడూ అడిగాడు, నిజమే. కాని అడిగిన తీరు వేరు.

“మణికి ఏన్నీల్లు గావాలంట ఒదినా. దీనికి బాయిలరు పెడతాను” అన్నాడు.

అది అడగడం కాదు, చెప్పడం. పైగా ఆ మాటలో మొదట వచ్చింది వాడి పెళ్ళాం మణి.

రంగూన్‌లో, లత పేటలో, చైనావాళ్ళ బంగారు కొట్ల వెనక సందులో ఒక పాత మేడ ఉండేది. ఒకప్పుడు ఓడల మీద వచ్చే తెల్లదొరలు అక్కడ బస చేసేవారట. వాళ్ళ వంట కోసం సీమ నుంచి ఓడలో తెప్పించిన పొయ్యి అది. పెద్ద పందిరిమంచం అంత ఉంటుంది. పైన నాలుగు పాత్రలు పట్టే కన్నాలు, కింద రొట్టెలు కాల్చుకునే అర. జపానువాళ్ళతో యుద్ధం వచ్చినప్పుడు దొరలు పారిపోయారు. బల్లలు, అద్దాలు, తలుపుల గడియలతో సహా జనం పట్టుకుపోయారు. పొయ్యి మాత్రం ఎవరికీ కదల్లేదు. ఆ మేడ కింది భాగంలో అచ్చమ్మ భోజనాల కొట్టు నడిపేది. రేవులో మూటలు మోసే తెలుగువాళ్ళు, ఒంటరిగా ఉండే ఒరియా కుర్రాళ్ళు ఆమె దగ్గర రెండు పూటలా తినేవారు. గోంగూర ఎండురొయ్యలు, పప్పుచారు, చింతకాయ పెట్టి చేసిన చేపల పులుసు. ఏ కన్నం మీద మంట ఎంత వస్తుందో, గాలి అర ఎంత తెరిస్తే అన్నం మాడకుండా ఉడుకుతుందో ఆమె చేతికే తెలుసు. బొగ్గు దొరక్కపోతే ఊకతో, ఊక లేకపోతే పాత పెట్టెల చెక్కలతో వండేది. రొట్టెల అరలో ఎండుచేపలు దాచేది.

ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడే అత్తగారు మగపిల్లాణ్ణి కని చనిపోయింది. పురిటి గుడ్డల్లో ఉన్న పిల్లాణ్ణి తెచ్చి, పసుపు ఆరని అచ్చమ్మ ఒళ్ళో పెట్టారు. వాడే లింగరాజు. కొట్లన్నీ సర్కారు తీసుకున్న కాలంలో మామగారు విశాఖపట్నం ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు, మళ్ళీ కబురు లేదు. భర్త నరసింహం రేవులో తాడు తెగి మూట మీద పడి పోయాడు. అప్పటికి లింగరాజు ఇంకా బడికి వెళ్తున్నాడు. ఆమెకు పిల్లలు కలగలేదు. వెళ్ళిపోదాం రమ్మని చుట్టాలు పిలిచినా కదల్లేదు. పిల్లాడికి చదువు అయ్యేదాకా అంది, పని దొరికేదాకా అంది. వాడు దలాలో పడవలు బాగుచేసే కార్ఖానాలో ఫిట్టరు అయ్యాడు. రోజూ ఫెర్రీ మీద నది దాటి వెళ్ళి, సాయంత్రం వచ్చేవాడు. సందు మొదట్లోనే “ఒదినా” అని కేకేసేవాడు. ఆ కేక వింటూనే ఆమె అన్నం వార్చేది.

కిందటేడు మణిమాల వచ్చాక ఆ కేక “మణీ” అయింది.

మణిమాల తండ్రిది గంజాం జిల్లా వంశం. మింగళాడోన్‌లో సిపాయిల ఇళ్ళకు పాలు పోస్తాడు. పాల బిందెలు కడగడానికి వాళ్ళింట్లో పొద్దస్తమానం నీళ్ళు కాగుతూనే ఉండేవి కాబట్టి ఆ పిల్లకు చన్నీళ్ళ స్నానం అలవాటు లేదు. తెలుగు సగం, బర్మా మాట సగం కలిపి మాట్లాడేది. బుగ్గలకు తనకా గంధం పూసుకుని, నవ్వుతూ, ఏది కావాలంటే అది నోరు తెరిచి అడిగేది. అచ్చమ్మకు ఆ అడగడమే గిట్టేది కాదు. మొగుడు కూర్చున్న పీట పక్కనే తనూ పీట వేసుకుని కూర్చునేది. చేప తలకాయ లింగరాజుకు ఇష్టమని అచ్చమ్మ ఎప్పుడూ వాడి కంచంలో వేసేది. ఇప్పుడు వాడు దాన్ని తీసి పెళ్ళాం కంచంలో పెట్టేవాడు. అచ్చమ్మ చూడనట్టే గరిటె తిప్పేది. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువయ్యేది.

ఆ పిల్లకు ఆరో నెల పడింది. వానలు మొదలయ్యాయి. ఊళ్ళో విద్యార్థుల గొడవలు రేగి, సాయంత్రం నుంచి ఇళ్ళు కదలకూడదని సర్కారు హుకుం వేసింది. కార్ఖానాలో పని సగమైంది. అప్పుడే లింగరాజు ఈ బాయిలరు పని పెట్టుకున్నాడు.

ఇటుకలు తీస్తే లోపల ఖాళీ గూడు కనిపించింది. దొరల కాలంలో అక్కడ నీళ్ళ తొట్టి ఉండేదని, యుద్ధంలో దాన్నెవరో రాగి కోసం పీకేసి, కన్నం ఇటుకలతో పూడ్చారని వాడు చెప్పాడు. మంట గదికి ఆ గూడు ఆనుకునే ఉంది. వంట మంటతోనే నీళ్ళూ కాగుతాయి, వేరే కట్టె అక్కర్లేదు. బయటి దేశం సరుకేదీ రాని రోజులవి. కొత్త రాగిరేకు కళ్ళతో చూసినవాళ్ళు లేరు. దలాలో విడగొడుతున్న పాత లాంచీ నుంచి వాడు రేకు సంపాదించాడు, అదే లాంచీ స్నానాల గదిలోని ఇత్తడి కుళాయి సంపాదించాడు. రేకు మడిచి, అంచులకు రివిట్లు కొట్టి, టంకం పోశాడు. నీళ్ళు పోయడానికి పొయ్యి పైన మూత, పట్టుకోవడానికి ముందు వైపు కుళాయి. రోజూ సాయంత్రం వాడు ఆ పని చేస్తుంటే మణిమాల పక్కన కూర్చుని రివిట్లు అందించేది. ఇద్దరూ గుసగుసలాడి నవ్వుకునేవారు. అచ్చమ్మ ఎన్నేళ్ళు ఆ పొయ్యి ముందు నిలబడినా ఆ ఇటుకల వెనక ఏముందో చూడాలని ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు. అదే ఆమెను ఎక్కువ కాల్చింది.

పని పూర్తయిన రోజు లింగరాజు ఇద్దర్నీ పిలిచి ఒక్కటే జాగ్రత్త చెప్పాడు. తొట్టిలో నీళ్ళు లేకుండా మంట పెట్టకూడదు. నీళ్ళుంటే టంకానికి ఏమీ కాదు, లేకపోతే కరిగి జారిపోతుంది. మణిమాల బిందెలు ఎత్తకూడదు గనక, పొద్దున్నే తొట్టి నింపే పని అచ్చమ్మకు పడింది.

కుళాయి తిప్పితే పొగలు కక్కుతూ నీళ్ళు వచ్చాయి. భోజనానికి వచ్చినవాళ్ళంతా వింతగా చూశారు, చేతులు కడుక్కున్నారు, మణిమాల అదృష్టవంతురాలన్నారు. వంట బాగుందన్న మాట ఆ రోజు ఎవరి నోటా రాలేదు. అచ్చమ్మ ఆ కుళాయి ముట్టుకోలేదు. నూనె గిన్నెలు, మాడు అంట్లు అన్నీ పెరట్లో వాన నీళ్ళ పీపా దగ్గర చన్నీళ్ళతోనే తోమేది. వేళ్ళ సందులు పాసి, పగిలి, నెత్తురు వచ్చేవి. ఆ చేతులతోనే లింగరాజుకు వడ్డించేది. వాడు చూస్తాడని, అడుగుతాడని ఆమె ఆశ. వాడు కంచంలోకి తప్ప ఎటూ చూసేవాడు కాదు. చూసింది మణిమాలే.

“అక్కా, ఏన్నీల్లతో తోముకోరాదా?” అంది.

“నాకు అలవాటు నేదు” అని అచ్చమ్మ మొహం తిప్పుకుంది.

ఆ పిల్ల కొబ్బరినూనె తెచ్చి ఇస్తే దీపంలో పోసింది.

ఆ ఏడు, పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది ఆగస్టులో, దేశమంతా సమ్మె కట్టింది. రేవు ఆగింది, ఫెర్రీ ఆగింది, కొట్లు మూతబడ్డాయి. లింగరాజు తలకు ఎర్రగుడ్డ కట్టుకుని కార్ఖానావాళ్ళతో ఊరేగింపుకు వెళ్ళాడు. సూలే పగోడా దగ్గర కాల్పులు జరిగాయని తెలిసినప్పుడు ఇద్దరు ఆడవాళ్ళూ గుమ్మానికి చెరో పక్కా నిలబడ్డారు. వాడు క్షేమంగా, తడిసి ముద్దై, ఒక కాలి చెప్పు లేకుండా వచ్చాడు. వచ్చి మొదట మణిమాల భుజం పట్టుకున్నాడు. అచ్చమ్మ లోపలికి వెళ్ళి పొయ్యిలో కట్టెలు సర్దింది.

తర్వాత నగరంలో సర్కారన్నది కనిపించకుండా పోయింది. సందు సందుకూ వెదురు గడలతో కంచెలు కట్టుకుని, వంతులేసుకుని జనమే కాపలా కాశారు. అచ్చమ్మ తన పొయ్యి మీద కాపలావాళ్ళకు అన్నం వండేది. నీళ్ళలో ఎవరో విషం కలుపుతున్నారని పుకారు పుట్టింది. దానితో అందరికీ కాచిన నీళ్ళే కావాల్సివచ్చాయి. బొగ్గు బంగారమైంది. సందులోని చైనా ముసలమ్మలు, బర్మా ఆడవాళ్ళు, అందరూ కెటిల్ పట్టుకుని రాసాగారు. మణిమాల నిండు కడుపుతో పొయ్యి పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుని కుళాయి తిప్పి ఇచ్చేది. వాళ్ళు “మా మణి, మా మణి” అని, ఆడవాళ్ళ పేరుకు ముందు ‘మా’ చేర్చే బర్మా మర్యాదతో పిలిచేవారు, కడుపు నిమిరేవారు, అరటిపళ్ళు తెచ్చి ఒళ్ళో పెట్టేవారు. కట్టె చీల్చేది అచ్చమ్మ. మంట ఎగదోసేది అచ్చమ్మ. తొట్టి నింపేది అచ్చమ్మ. ఒక ముసలమ్మ ఆమెను చూపించి, ఈ పనిమనిషి ఎవరని మణిమాలను అడిగింది. మణిమాల నవ్వి, మా అక్క అని చెప్పింది. ఆ నవ్వు అచ్చమ్మను రెండు రోజులు వదల్లేదు.

సెప్టెంబరు మొదట్లో ఒక పొద్దున అచ్చమ్మ పీపా దగ్గరికి వెళ్ళి బిందె ముంచింది. లోపల్నుంచి లింగరాజు మాట వినిపించింది. పుట్టేది ఆడపిల్లయితే ఏ పేరు పెట్టాలా అని మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటున్నారు. వాడి తల్లి పేరు వచ్చింది, మణిమాల అమ్మమ్మ పేరు వచ్చింది. ఇంకో పేరు వస్తుందేమోనని అచ్చమ్మ కాసేపు వింది. వాళ్ళు వేరే మాటలోకి వెళ్ళిపోయారు.

ఆమె బిందె అక్కడే వదిలేసింది. లోపలికి వచ్చి పొయ్యి ముట్టించి, కాపలావాళ్ళ అన్నానికి పెద్ద గుండిగ ఎక్కించింది. తొట్టిలో నీళ్ళు లేవని ఆమెకు తెలుసు. రాగి చిటపటమంది. వేడి లోహం వాసన వచ్చింది. బూడిద అరలోకి వెండి బొట్ల లాంటివి టప్‌టప్‌మని రాలాయి. చూస్తూ నిలబడింది. లోపల ఏదో చల్లబడినట్టు అనిపించింది. ఎవరికీ దక్కకుండా పోయిందిలే అనుకుంది. లింగరాజు కంచె దగ్గరికి వెళ్ళిపోయాడు. గుండిగలో నీళ్ళు మరిగేవేళకు ఆ చల్లదనం పోయింది. మంట ఆర్పేద్దామా అనుకుంది. అంతలో పొరుగావిడ ఇచ్చిన కెటిల్ పట్టుకుని మణిమాల వచ్చింది.

కుళాయి తిప్పితే దగ్గినట్టు చప్పుడయింది తప్ప చుక్క రాలేదు. మణిమాల పక్కనున్న చెంబెడు నీళ్ళు తీసుకుని, మూత ఎత్తి పోసింది. “వద్దు” అని అచ్చమ్మ అంది. కాని ఆ మాట ఆలస్యంగా వచ్చింది. భుస్సుమని ఆవిరి లేచింది. ఆ పిల్ల అరవలేదు, ఊపిరి పట్టి వెనక్కి కూలబడింది. కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రగా ఉబ్బింది. అచ్చమ్మ కలబంద గుజ్జు తెచ్చి పట్టీ వేసింది. మణిమాల పళ్ళు బిగించి, తొట్టిలో నీళ్ళున్నాయో లేవో ముందు చూసుకోవలసింది తనేనని, తప్పు తనదేనని, ఆయన కోప్పడతాడని అంది. అచ్చమ్మ పట్టీ కట్టడంలో మునిగినట్టు తల వంచుకుంది.

మధ్యాహ్నం లింగరాజు వచ్చాడు. పెళ్ళాం చెయ్యి చూశాడు, ఆమె చెప్పింది విన్నాడు. పొయ్యి చల్లారాక తొట్టి బయటికి లాగాడు. బూడిదలోంచి టంకం పూసలు ఏరి సత్తుమూతలో వేశాడు. పైన మణిమాల పడుకుని ఉంది. వాడు వదిన వైపు తిరక్కుండానే అడిగాడు.

“పొద్దున నీల్లు పొయ్యాల్సింది నువ్వు గదా. మరిసిపోనావా ఒదినా?”

తప్పించుకోవడానికి వాడే దారి చూపించాడు. ఔనంటే అయిపోయేది.

“నేదు. తెలిసే పొయ్యనేదు” అంది అచ్చమ్మ.

వాడు ఇప్పుడు తిరిగి చూశాడు. ఆమె పగిలిన చేతులు ముందుకు చాపింది. చిన్నప్పటి నుంచి వాడికి చేసిన చాకిరీ ఏదీ ఎత్తలేదు. ఒక్కటే అడిగింది.

“ఇన్నేల్లు ఈ పొయ్యి కాడ సన్నీల్లల్లో సచ్చినాను. నాకెప్పుడూ ఈ బాయిలరు ఎందుకు పెట్టనేదు, లింగా?”

వాడు చాలాసేపు ఆ చేతుల్ని చూశాడు. “నువ్వు ఎప్పుడూ అడగనేదు గదా” అన్నాడు.

“అది అడిగినాదా?”

“రోజూ అడిగినాది. పొద్దున లేస్తే అదే మాట.”

అడగకుండానే తెలుసుకోవాలని అచ్చమ్మ ఎదురుచూసిన సంగతి వాడికి ఎప్పుడూ తెలీదు. వాడు మూత కింద పెట్టి లేచాడు. మణి చెయ్యి ఉడికిపోయిందని, కడుపులో బిడ్డకేమైనా అయుంటే ఏం చేసేవాళ్ళమని గట్టిగా కాకుండానే అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె వండింది తినలేదు. మణిమాల ఎడంచేత్తో చిన్న మట్టి కుంపటి మీద ఇంత గంజి కాస్తే అదే తిన్నాడు. ఎందుకో మణిమాలకు చెప్పలేదు. ఆ పిల్ల మొగుడికి ఒంట్లో బాగాలేదనుకుంది. అచ్చమ్మ కాపలావాళ్ళకు వండిన అన్నం, గుండిగ గుండిగా బయటికి వెళ్ళేది. ఇంట్లోవాళ్ళు మాత్రం ముట్టేవారు కాదు. భర్త పోయినప్పుడు కూడా ఆమెకు అంత ఒంటరితనం లేదు.

ఆ నెల మధ్య దాటాక సైన్యం సర్కారు పగ్గాలు పట్టుకుంది. లారీలు వచ్చి వెదురు కంచెలు తొక్కేశాయి. పెద్ద వీధిలో కాల్పులు ఆగి ఆగి వినిపిస్తుంటే, మర్నాడు పొద్దున మణిమాలకు నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి దారి లేదు. మేడల వెనక మురికి సందులోంచి వంగి నడుచుకుంటూ లింగరాజు మంత్రసాని వెంకమ్మను తెచ్చాడు. వస్తూనే ఆమె వేడినీళ్ళు సిద్ధంగా ఉన్నాయా అంది. లింగరాజూ అచ్చమ్మా పొయ్యి వైపు చూశారు. తొట్టి ఉండాల్సిన చోట గూడు నోరు తెరిచి ఉంది. ఇన్నాళ్ళూ ఒక కన్నం మీద అన్నం ఎలాగో ఉడికింది గాని, నాలుగింటికీ మంట చాలకుండా గాలంతా అందులోంచే పోతుంది. లింగరాజు పాత ఇటుకలు తెచ్చి పేర్చాడు, అచ్చమ్మ బురద కలిపి సందులు మెత్తింది. నాలుగు కన్నాల మీద నాలుగు కుండలు పెట్టింది. మధ్యాహ్నం దాకా మోసింది, కాచింది, మళ్ళీ మోసింది. ఎండుచేపలు తీసేసి రొట్టెల అరలో కూడా గిన్నెలు పెట్టింది. ఆ పూట ఆమెకు ఎవరి మీదా కుళ్ళు లేదు, తీరిక లేదు గనక.

ఆడపిల్ల పుట్టింది. వెంకమ్మ స్నానం పోసి, గుడ్డలో చుట్టి అచ్చమ్మ చేతుల్లో పెట్టి వెళ్ళింది. పక్కమీద మణిమాల కళ్ళు తెరిచింది.

“ఆ పొద్దు నేను సూసుకోకపోబట్టి గదా అక్కా, నీకు ఇంత సాకిరీ పడినాది” అంది.

అంత మాట అన్నాక అచ్చమ్మ ఊరుకోలేకపోయింది. బిడ్డను ఎత్తుకునే, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తొట్టి నింపకపోవడం, రాలుతుంటే చూస్తూ నిలబడడం, వద్దన్న మాట ఆలస్యంగా రావడం, అన్నీ. మణిమాల విన్నది. పట్టీ ఉన్న చెయ్యి చాపింది.

“పాపని ఇటు ఇయ్యి.”

ఆ తర్వాత నెల దాటినా ఆ బిడ్డను అచ్చమ్మ చేతికి ఇవ్వలేదు. ఒకసారి మణిమాల గుమ్మం దాటుతూ ఆగి, ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి తను ఏది వండినా మొగుడు ఒదిన చేతి రుచి రాలేదంటాడని, ఏ చీర కట్టినా ఒదిన పొదుపు గురించి చెబుతాడని అంది. తనకూ కడుపు మండిందని, అయినా ఎవరి చెయ్యీ కాల్చలేదని కూడా అంది. అచ్చమ్మ ఆ మాట చాలా రోజులు మోసింది. లింగరాజు వేరొకరి దగ్గర తనను పొగుడుతాడని ఆమెకు అంతవరకు తెలీదు. తెలిసి సంతోషం కలిగింది. అలా కలిగినందుకు సిగ్గేసింది.

కాలిన చెయ్యి మానినా చర్మం బిగుసుకుని, మోచెయ్యి పూర్తిగా వంగేది కాదు. బిడ్డకు నీళ్ళు పోయడం మణిమాల వల్ల కాలేదు. జారిపోతుందేమోనని ఏడ్చేది. ఒక మధ్యాహ్నం, అచ్చమ్మ పెరట్లో కాళ్ళు చాపుకుని చింతపండు పిక్కలు తీస్తుంటే, మణిమాల వచ్చి నూనె రాసిన బిడ్డను ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టింది. కుండలో నీళ్ళు తెచ్చి, వేడి చూసి పక్కన పెట్టింది. అచ్చమ్మ స్నానం పోస్తున్నంతసేపూ అక్కడే నిలబడింది. మర్నాడు కూడా నిలబడింది. తర్వాత తర్వాత నిలబడడం మానేసింది. అప్పటికి లింగరాజు వదిన వంట తినడం మొదలుపెట్టాడు. ఎప్పుడు మొదలుపెట్టాడో ఎవరూ పైకి అనలేదు.

కార్ఖానా గేటు దగ్గర సిపాయిలు నిలబడే కాలం వచ్చింది. రేకు ముక్క కూడా బయటికి రాలేదు. బాయిలరు మళ్ళీ ఎక్కడానికి ఇంకో వానాకాలం పట్టింది. ఈసారి లింగరాజు టంకం మానేసి, అతుకులకు ఇత్తడి కరిగించి పోశాడు. అది నీళ్ళు లేకపోయినా ఓర్చుకుంటుందని చెబుతూ ఎవరి వైపూ చూడలేదు. అచ్చమ్మ మొదటిసారి ఆ కుళాయి కింద నూనె గిన్నె పెట్టి తోమింది. జిడ్డు ఎంత తేలిగ్గా పోతుందో చూసి, ఇన్నాళ్ళూ తెలివితక్కువతనం చేశానని పక్కనున్న మణిమాలతో అంది. ఔనంది మణిమాల.

వాళ్ళిద్దరూ స్నేహితులయ్యారని చెప్పలేం. చేపలు ఎవరు కొనాలి, పప్పులో చింతపండు ఎంత వెయ్యాలి అని చివరిదాకా పోట్లాడుకున్నారు. పాపకు కోటేశ్వరి అని పేరు పెట్టారు. అచ్చమ్మ పేరు ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె గుర్తుచెయ్యనూ లేదు. అది మాత్రం అడిగి పుచ్చుకునేది కాదని వెంకమ్మతో అందట.

పాపకు నడక వచ్చే రోజుల్లో ఒక సాయంత్రం, వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళూ చెరో మూల కూర్చుని, చేతులు చాపి, నా దగ్గరికంటే నా దగ్గరికని పిలుస్తున్నారు. ఒకామె చేతిలో అరటిపండు, ఇంకొకామె చేతిలో వేయించిన బఠాణీలు. పాప మధ్యలో గోడ పట్టుకుని ఊగుతోంది. అంతలో లింగరాజు ఫెర్రీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పాప గోడ వదిలేసి, నాలుగు తప్పటడుగులు వేసి, తండ్రి లుంగీ పట్టుకుంది. వాడు ఎత్తుకుని మీసాలతో గుచ్చుతూ బయటికి తీసుకుపోయాడు.

అచ్చమ్మ, మణిమాల చాపిన చేతులతో అలాగే ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరి మొహాలూ ఒక్కలాగే మాడిపోయి ఉన్నాయి. ముందు నవ్వింది మణిమాల.